ఉద్యోగుల మానసిక క్షేమంపై సర్వే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంస్థలకు ఒక సమగ్ర మార్గదర్శి

నెల్లూరు తీరంలోని రొయ్యల శుద్ధి కర్మాగారాలు, చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, ఒంగోలు, నెల్లూరు పట్టణాల్లోని ప్రైవేటు ఆసుపత్రులు, కార్పొరేట్ కళాశాలలు ఒకదానికొకటి పోలిక లేని పనిచోట్లు. అయినా "మన దగ్గర పనిచేసేవాళ్ల మనసు ఎలా ఉందో కనుక్కుందాం" అని యాజమాన్యం అనుకున్నాక జరిగేది చాలా చోట్ల ఒక్కటే. ఎవరో ఇంటర్నెట్‌లో దొరికిన ప్రశ్నావళిని గూగుల్ ఫారంలో పెట్టి వాట్సాప్ గ్రూపులో లింకు పంపుతారు. సగం మంది తెరవరు, తెరిచినవారు అన్నిటికీ "బాగుంది" అని నొక్కేస్తారు, ఆ కాగితం చూసి అంతా సవ్యంగానే ఉందని ఫైలు మూసేస్తారు. ఆ పనిని పద్ధతిగా ఎలా చేయాలో ఇక్కడ అడుగడుగునా వివరిస్తున్నాను. యాభై మంది నుంచి ఐదారు వందల మంది వరకు ఉన్న సంస్థలను దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శి ఇది. ఉదాహరణలు ఎక్కువగా రొయ్యల కర్మాగారం నుంచే తీసుకున్నాను. చదవడం రానివారు, కాంట్రాక్టు కింద ఉన్నవారు, ఒడిశా నుంచి వలస వచ్చినవారు, డిగ్రీలు చదివిన ల్యాబ్ సిబ్బంది ఒకే కప్పు కింద కనిపించేది అక్కడే కాబట్టి, అక్కడ సాగిన పద్ధతి మిగిలిన చోట్ల ఇంకా సులువుగా సాగుతుంది.

మొదటి అడుగు: ఏది మార్చగలరో ముందే తేల్చుకోండి

ఒక్క ప్రశ్న కూడా రాయకముందే యజమాని, ప్లాంటు మేనేజరు, హెచ్‌ఆర్ బాధ్యులు కలిసి కూర్చుని, రాబోయే ఆరు నెలల్లో తమ చేతిలో ఉన్న మార్పులేవో, లేనివేవో కాగితం మీద పెట్టాలి. షిఫ్టు వేళలు, విరామాలు, బస్సు బయలుదేరే సమయం, ఓటీ ఉందని ఎంత ముందుగా చెప్పాలన్న పద్ధతి, సూపర్‌వైజర్ల మాట తీరు, జీతం చేతికందే తేదీ, మరుగుదొడ్ల సంఖ్య వంటివి చేతిలో ఉన్నవి. అంతర్జాతీయ మార్కెట్టులో రొయ్య ధర చేతిలో లేనిది. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఏ కర్మాగారం యాజమాన్యమూ దాన్ని ఆపగలిగే స్థితిలో లేదు. అయితే సరుకు తగ్గిన వారంలో రేపు పని ఉంటుందో ఉండదో ఈ సాయంత్రమే చెప్పడం మాత్రం పూర్తిగా యాజమాన్యం చేతిలోనే ఉంటుంది. ఈ తేడా కాగితం మీద పడితే ప్రశ్నల్లో సగం వాటంతటవే తయారవుతాయి.

మార్చే ఉద్దేశం లేనిదాన్ని అడగకూడదు. జీతాలు పెంచే ఆలోచనే లేనప్పుడు "మీ జీతం మీకు సరిపోతోందా?" అని అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు, కొత్తగా పుట్టేది ఆశ, ఆ తర్వాత మిగిలేది కోపం. "మీ జీతం ఎలా లెక్కగట్టారో చీటీ చూస్తే మీకు అర్థమవుతోందా?" అని అడగవచ్చు, ఎందుకంటే దాన్ని వచ్చే నెల చీటీలోనే సరిచేయవచ్చు.

యజమానికి ఈ శ్రమ అంతా ఎందుకన్న సందేహం ఉంటే ఒక లెక్క చూపించండి. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని, వాటి విలువ లక్ష కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 2022 సెప్టెంబరులో ఆ సంస్థ విడుదల చేసిన పనిచోటు మార్గదర్శకాల్లో పనివారికి ఇచ్చే శిక్షణతో పాటు, పని పరిస్థితులను మార్చడానికీ, వారిపై అజమాయిషీ చేసేవారికి తర్ఫీదు ఇవ్వడానికీ పెద్ద పీట వేశారు. ఏడాదికోసారి యోగా దినోత్సవం నాడు చాపలు పరచడంతో తీరే విషయం కాదని నా అభిప్రాయం. చాపలు పరచవచ్చు, కానీ పన్నెండు గంటల షిఫ్టు దిగినవారిని వాటి మీద కూర్చోబెట్టి ఊపిరి పీల్చమంటే వారికి కునుకు పడుతుంది.

రెండో అడుగు: ఎవరి చేత చేయించాలి

నింపిన కాగితాలను కంపెనీలో ఎవరూ ముట్టుకోకూడదు. హెచ్‌ఆర్ వారు ఎంత మంచివారైనా సెలవు మంజూరు చేసేదీ, మెమో ఇచ్చేదీ వారే అని పనివారికి తెలుసు. సోషల్ వర్క్ గానీ సైకాలజీ గానీ చదివి, ఈ ప్రాంతపు మాట తెలిసిన బయటివారిని ఇద్దరు ముగ్గురిని పెట్టుకోవాలి. ఎక్కువ మంది స్త్రీలు పనిచేసే చోట వారు స్త్రీలై ఉండాలి. కాగితాలు వారి దగ్గరే ఉంటాయని, కంపెనీకి మొత్తం లెక్కలు తప్ప మరేదీ అందదని ఒప్పందంలో రాయించి, ఆ వాక్యాన్ని నోటీసు బోర్డులో తెలుగులో అంటించాలి. పనివారి తరఫున ఇద్దరిని మొదటి సమావేశం నుంచే కూర్చోబెట్టుకోవాలి, అందులో ఒకరు కాంట్రాక్టు కింద ఉన్నవారై ఉండాలి.

కాంట్రాక్టు పనివారిని సర్వే నుంచి తప్పించడం మన దగ్గర చాలా మామూలు విషయం. "వాళ్లు మా రోల్స్‌లో లేరు కదా" అంటారు. రొయ్యల తలలు తీసేదీ, పొట్టు ఒలిచేదీ, ఐసు మోసేదీ వాళ్లే అయినప్పుడు వాళ్లను వదిలేసి చేసిన సర్వే ఆఫీసు గదిలోని ఏసీ గురించి చేసినదవుతుంది.

మూడో అడుగు: ఎప్పుడు చేయాలి

మామూలు వారంలో చేయాలి. సంక్రాంతికి ముందు వారం, బోనస్ ప్రకటించే వారం, నెల్లూరులో రొట్టెల పండుగ రద్దీ ఉండే రోజులు పనికిరావు. ప్రకాశం జిల్లాలో పొగాకు వేలం సాగే నెలల్లో పనివారి ఇళ్లల్లో అప్పుల లెక్కలే నడుస్తాయి, కాబట్టి ఇంటి దిగులు పని మీది దిగులుగా నమోదు కావచ్చు. నవంబరు, డిసెంబరు నెలలు తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి వంటి వారంలో ఎవరిని అడిగినా నిద్ర పట్టలేదనే చెబుతారు. ఒకసారి ఎంచుకున్న నెలను మార్చకుండా ప్రతి ఏడాదీ అదే నెలలో చేస్తేనే పోల్చడానికి వీలవుతుంది.

నాలుగో అడుగు: ఏమి అడగాలి

ప్రశ్నావళిలో రెండు భాగాలుండాలి. మొదటిది మనిషి ఎలా ఉన్నాడన్నది, రెండోది పని ఎలా ఉందన్నది. మొదటిది చిన్నది, రెండోది పెద్దది. రెండూ కలిపి ఇరవై ఐదు, ముప్పై ప్రశ్నలు మించితే చివరి పేజీ జవాబులకు విలువ ఉండదు.

మొదటి భాగానికి సొంతంగా ప్రశ్నలు కల్పించుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో 1998 నుంచి వాడుకలో ఉన్న 'డబ్ల్యూహెచ్‌ఓ-5' అనే ఐదు వాక్యాల కొలమానం ఇందుకు సరిపోతుంది. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, నిద్ర లేచినప్పుడు బడలిక తీరినట్టు అనిపించిందా, రోజులో నాకు ఆసక్తి కలిగించే విషయాలు ఉన్నాయా అన్నవే ఆ ఐదు. ఒక్కొక్క దానికి సున్నా నుంచి ఐదు వరకు మార్కులు. ఐదూ కూడి, వచ్చిన మొత్తాన్ని నాలుగుతో హెచ్చవేస్తే నూటికి ఎంతో తెలుస్తుంది. ఒకరు వరుసగా 2, 1, 2, 1, 3 అని గుర్తు పెడితే మొత్తం 9, నూటికి 36. యాభై గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఆ మనిషి క్షేమం బాగా లేదని, మరింత శ్రద్ధగా చూడాలని అర్థం. అది రోగ నిర్ధారణ కాదు. ఐదు వాక్యాలూ మంచి వైపు నుంచే అడుగుతాయి కాబట్టి జవాబు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు, ఈ కొలమానంలో నాకు బాగా నచ్చేది అదే.

కుంగుబాటును అంచనా వేయడానికి ఆసుపత్రుల్లో వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని పేరులేని సర్వేలో పెట్టవద్దు. అందులో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి అడుగుతుంది. ఒకరు "దాదాపు ప్రతిరోజూ" అని గుర్తు పెట్టి పెట్టెలో వేసి వెళ్లిపోతే, వారెవరో తెలుసుకునే దారి మీకు ఉండదు. ప్రాణాపాయం ఉందని తెలిసి కూడా చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తుంది. ఆ పత్రం ఎదురుగా కూర్చున్న వైద్యుడి చేతిలో ఉండవలసినది.

రెండో భాగంలో పని గురించి అడగాలి. బ్రిటన్‌లో పనిచోటి ఆరోగ్య, భద్రతలను చూసే ప్రభుత్వ సంస్థ పని ఒత్తిడికి ఆరు మూలాలను గుర్తించింది: పని భారం, తన పనిపై తనకున్న పట్టు, అందే సాయం, తోటివారితో సంబంధాలు, తన బాధ్యత ఏమిటన్న స్పష్టత, మార్పులను చెప్పే పద్ధతి. ఈ ఆరింటినీ చట్రంగా తీసుకోవచ్చు గానీ, అక్కడి ప్రశ్నలు ఆఫీసు కుర్చీలో కూర్చునేవారికి బాగా కుదురుతాయి. మన చోటికి తగినట్టు జీతం క్రమం, పని దొరుకుతుందన్న ధీమా, రాత్రి ఇంటికి చేరడం, శరీరానికి సంబంధించిన ఇబ్బందులు కలపాలి.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూడండి. రొయ్యల హాలులో పనిచేసే ఆమె మరుగుదొడ్డికి వెళ్లాలంటే సూపర్‌వైజర్‌కు చెప్పాలి, ఏప్రాన్, గ్లవ్స్, గంబూట్లు విప్పాలి. తిరిగి వచ్చాక చేతులు కడిగి, క్లోరిన్ నీళ్లలో ముంచి, మళ్లీ అన్నీ తొడుక్కుని, కాళ్లు కూడా మందునీళ్లలో ముంచి లోపలికి రావాలి. శుభ్రత కోసం ఇవన్నీ తప్పవు. కానీ ఆమెది కిలోల లెక్కన కూలీ అయితే ఆ సమయమంతా డబ్బు నష్టం, పైగా "ఏమే, ఎంతసేపు?" అన్న మాట కూడా పడాలి. అందుకని పొద్దున నుంచి నీళ్లు తాగడం మానేస్తుంది. "మీకు పని ఒత్తిడి ఉందా?" అని అడిగితే ఆమె లేదంటుంది, ఎందుకంటే ఒత్తిడి అనేది ఆఫీసువాళ్ల మాట. "మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించిన రోజులు గత రెండు వారాల్లో ఎన్ని?" అని అడిగితే చెబుతుంది. ఆ జవాబుకు పరిష్కారం కూడా కళ్లెదుటే ఉంటుంది: వంతుల వారీగా విరామం, ఆ విరామానికి కూలీ.

ఇలాంటి ప్రశ్నలు గదిలో కూర్చుంటే తట్టవు. ప్రశ్నావళి రాయడానికి ముందు ప్రతి విభాగం నుంచి ఆరేడుగురితో, సూపర్‌వైజర్ గానీ మేస్త్రీ గానీ లేకుండా, గంటసేపు మాట్లాడాలి. గ్రానైట్ యూనిట్‌లో ఆ మాటలు దుమ్ము, చెవులు చిల్లులు పడే మోత, అడ్వాన్సు తీసుకున్నందుకు వదిలి వెళ్లలేకపోవడం వైపు మళ్లవచ్చు. ఆసుపత్రిలో నర్సులు రోగి బంధువుల తిట్ల గురించి, వరుస నైట్ డ్యూటీల గురించి చెప్పవచ్చు. అడగవలసినవి ఆ మాటల్లోనే ఉంటాయి.

ఐదో అడుగు: ప్రశ్నను తెలుగులో నిలబెట్టడం

ఇంగ్లీషు ప్రశ్నావళిని యంత్రం చేత తెలుగు చేయించి పెట్టడం వల్ల జరిగే నష్టం మరే పొరపాటు వల్లా జరగదు. ఇద్దరు వేర్వేరుగా తెలుగు చేయాలి, రెంటినీ కలిపి ఒకటి తేల్చాలి, ఇంగ్లీషు మూలాన్ని చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులో చెప్పగలగాలి. ఆ తర్వాత పదిమంది పనివారి దగ్గర కూర్చుని, "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది?" అని అడిగి తెలుసుకోవాలి.

వ్యతిరేకార్థపు ప్రశ్నలు ప్రమాదకరం. "మీకు నిద్ర పట్టడం లేదా?" అంటే ఒకరు "అవును, పట్టడం లేదు" అన్న అర్థంలో అవును పెడతారు, మరొకరు "లేదు, పట్టడం లేదు" అన్న అర్థంలో లేదు పెడతారు, ఇద్దరి బాధా ఒకటే, లెక్కలో మాత్రం ఎదురెదురుగా పడతారు. "గత వారంలో ఎన్ని రాత్రులు సరిగా నిద్ర పట్టింది?" అని అడిగి అంకె రాయమనడం మేలు. గడుల మీద "ఎప్పుడూ" అన్న మాటను ఒంటరిగా రాయవద్దు, దాన్ని ఒకరు ఎల్లప్పుడూ అని, మరొకరు ఎన్నడూ లేదని అర్థం చేసుకోవచ్చు. "అన్ని రోజులూ", "ఒక్కరోజు కూడా లేదు" అని విడమరిచి రాయాలి. "మీ సూపర్‌వైజర్ మర్యాదగా, న్యాయంగా ఉంటారా?" అనేది రెండు ప్రశ్నలు, నోరు మంచిదై డ్యూటీలు వేయడంలో పక్షపాతం చూపేవారు ప్రతి చోటా ఉంటారు.

"మానసిక ఆరోగ్యం" అన్న మాటను ప్రశ్నల్లో వాడకపోవడమే మంచిది. మన దగ్గర ఆ మాట వినగానే పిచ్చి అన్న అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. దిగులు, చికాకు, టెన్షన్, గుండె దడ, తల బరువు, ఊరికే ఏడుపు రావడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం అనే మాటల్లోనే జనం తమ బాధ చెప్పుకుంటారు, చాలాసార్లు మనసు బాధను ఒంటి నొప్పిగానే చెబుతారు. డబ్ల్యూహెచ్‌ఓ-5 లో మాత్రం గడుల సంఖ్య మార్చకూడదు, మారిస్తే మార్కులు పోల్చడానికి పనికిరావు. చదవడం రానివారికి ఖాళీ నుంచి నిండు వరకు ఆరు గ్లాసుల బొమ్మలున్న కార్డు చూపి వేలు పెట్టమనవచ్చు. ఒడిశా, బీహార్ వారికి ఒడియా, హిందీ కాగితాలు వేరుగా ఉండాలి; తోటి పనివాడిని దుబాసీగా కూర్చోబెట్టకూడదు.

ఆరో అడుగు: పేరు లేకపోతే సరిపోదు

పేరు అడగలేదు కాబట్టి ఎవరో తెలియదని అనుకోవడం పెద్ద భ్రమ. ఒక కర్మాగారంలో 240 మంది పొట్టు ఒలిచే విభాగంలో, 18 మంది గ్రేడింగ్‌లో, ఆరుగురు ల్యాబ్‌లో ఉన్నారనుకుందాం. కాగితం మీద విభాగం, వయసు, ఆడా మగా, పెళ్లయిందా, ఎన్నేళ్ల సర్వీసు అని ఐదు గడులు పెడితే, ల్యాబ్‌లో పెళ్లికాని ఇరవై మూడేళ్ల అమ్మాయి ఒక్కరే ఉంటారు. ఆమె పేరు కాగితం మీద లేదు, కానీ మేనేజరుకు ముఖం కళ్లముందు కదులుతుంది. అందువల్ల గుర్తింపు గడులు రెండు మించకూడదు, వయసు అడిగితే పెద్ద పెద్ద విభజనలే ఉండాలి, పదిమంది కన్నా తక్కువ జవాబులు వచ్చిన ఏ గుంపు లెక్కనూ విడిగా చెప్పకూడదు.

ఇంకో చిక్కు ఉంది. మొత్తం లెక్క ఇచ్చి, ఒలిచే విభాగం, గ్రేడింగ్ విభాగం లెక్కలు ఇచ్చి, ల్యాబ్ ఒక్కటి ఇవ్వకుండా వదిలేస్తే, తీసివేత వచ్చిన ఎవరైనా ల్యాబ్ లెక్క రాబట్టగలరు. ఆ ఆరుగురినీ ముందే మరో విభాగంతో కలిపేయాలి, అదీ సర్వే మొదలుకాకముందే, వారికి చెప్పి చేయాలి. సొంత మాటల్లో రాసిన వ్యాఖ్యలను బయటివారే టైపు చేసి, పేర్లు, తేదీలు, గుర్తుపట్టే సంగతులు తీసేసి, అసలు చేతిరాత ఎవరికీ చూపకూడదు.

ఫోన్ ద్వారా చేసేవారు ఫారంలో ఈమెయిల్ సేకరించే ఎంపికను ఆపేయాలి. వ్యక్తికో లింకు పంపకూడదు. అయినా నా సలహా ఆఫీసు సిబ్బందికి తప్ప మిగిలినవారికి కాగితమే. చాలా మంది ఆడవారి ఫోను ఇంట్లో భర్తదో కొడుకుదో అయి ఉంటుంది, హాలు లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు, గ్రూపులో వచ్చిన లింకు నొక్కితే నంబరు తెలిసిపోతుందన్న భయం ఎంత నచ్చజెప్పినా పోదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోసం ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చూసుకునే వీలు కల్పించాలి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ ఆ షెడ్యూలులో ఉన్నవే. కాబట్టి మొదటి పేజీలో ఎందుకు అడుగుతున్నారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు నాశనం చేస్తారు, జవాబివ్వకపోతే ఏమీ కాదు అన్న నాలుగు సంగతులు ఆయా భాషల్లో ఉండాలి. "జవాబు ఇవ్వకపోయినా నాగా పడదు, కటింగ్ ఉండదు" అన్న వాక్యం వకీలు భాషలో కాకుండా అచ్చంగా ఈ మాటల్లోనే రాయాలి.

ఏడో అడుగు: ఆపదలో ఉన్నవారి కోసం ఏర్పాటు

ఇది పూర్తికాకుండా సర్వే మొదలుపెట్టకూడదు. ప్రతి కాగితం చివర, మనసు బాగా లేనివారికి ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416 ను పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవ రోజంతా, ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ రోజులు, గది ఎక్కడో స్వయంగా వెళ్లి కనుక్కుని, ఆ వివరం కూడా రాయాలి. "పెద్దాసుపత్రికి వెళ్లండి" అంటే చాలదు, కూలీ మానుకుని వెళ్లినవారు తప్పు రోజున వెళ్లి తిరిగి వస్తే రెండోసారి వెళ్లరు.

కాగితంతో పాటు ఒక చిన్న చీటీ విడిగా ఇవ్వాలి: "నాతో ఎవరైనా విడిగా మాట్లాడితే బాగుంటుంది" అని రాసి, పేరు, ఫోను, ఎప్పుడు ఫోను చేయవచ్చో రాసుకునే ఖాళీ ఉంచాలి. దాన్ని వేరే పెట్టెలో వేయాలి. ఆ పెట్టెను బయటి నిపుణులే అదే సాయంత్రం తెరిచి, మరునాటికి అందరితో మాట్లాడి తీరాలి.

పేరులేని కాగితంలోనే ఎవరైనా బతకాలని లేదని రాస్తే, చేతిరాత పట్టుకుని వెతకవద్దు. వెతికినట్టు తెలిస్తే ఆ మనిషి మరింత ముడుచుకుపోతారు, సర్వే మీద నమ్మకం అక్కడితో పోతుంది. ఆ రోజే ప్రతి షిఫ్టులో, ఆ వాక్యాన్ని ప్రస్తావించకుండా, "మీలో కొందరు చాలా భారం మోస్తున్నారని తెలిసింది, ఈ వారమంతా ఈ గదిలో మాట్లాడటానికి మనిషి ఉంటారు, ఎవరు వచ్చారో ఎవరూ రాసుకోరు, వచ్చిన సమయానికి కూలీ పోదు" అని చెప్పాలి, చెప్పినట్టే మనిషిని కూర్చోబెట్టాలి.

లైంగిక వేధింపుల ప్రస్తావన వస్తే దారి వేరు. 2013 చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు లిఖితపూర్వకంగా, మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. యజమాని మీదే ఫిర్యాదైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. పేరులేని వ్యాఖ్య ఫిర్యాదు కిందికి రాదు గానీ, కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్లు మరునాడే అందరికీ తెలియజేయడానికి అది చాలు. సర్వే మొదలుపెట్టేనాటికి ఆ కమిటీ కాగితాల మీద తప్ప ఎక్కడా లేదని తేలే సంస్థలు ఉంటాయి. ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఎనిమిదో అడుగు: సర్వే రోజు

డ్యూటీ వేళలోనే, కూలీ ఇచ్చే సమయంలోనే చేయాలి. కిలోల లెక్కన పనిచేసేవారికి ఇరవై నిమిషాలంటే ఇన్ని కిలోల కూలీ అని ముందే లెక్కగట్టి కలపాలి, లేకపోతే వారు తొందరలో మొదటి గడులన్నీ నింపి పరుగెత్తుతారు, అందులో వారి తప్పు లేదు. షిఫ్టు దిగాక పెట్టుకుంటే చూపు బస్సు మీదే ఉంటుంది.

గది ఏర్పాటు పోలింగ్ బూత్ తరహాలో ఉంటే జనానికి విడమరిచి చెప్పనక్కర్లేదు: అట్టల చాటున ఒక్కొక్కరు, తాళం వేసిన పెట్టె, బయట క్యూ. సూపర్‌వైజర్లు, మేస్త్రీలు, సీసీ కెమెరా ఆ గదిలో ఉండకూడదు. ఖాళీ కాగితం మడిచి పెట్టెలో వేసినా ఏమీ అనకూడదు. చదవడం రానివారికి బయటి నుంచి వచ్చిన ఆమె పక్కన కూర్చుని, వారికి మాత్రమే వినిపించేంత చిన్న గొంతుతో చదవాలి, జవాబు నోటితో చెప్పించకుండా కార్డు మీద వేలితో చూపించమనాలి.

తొమ్మిదో అడుగు: లెక్క చూడటం

సగటు ఒక్కటే చూసి సంతోషించవద్దు. సగటు 58 ఉన్న విభాగంలో సగం మంది 80 దగ్గర, సగం మంది 36 దగ్గర ఉండవచ్చు. ఆ రెండో సగం అంతా రాత్రి షిఫ్టువారే కావచ్చు. యాభై గానీ అంతకు తక్కువ గానీ వచ్చినవారు ప్రతి విభాగంలో నూటికి ఎందరో చూడాలి, ఆ తర్వాత రెండో భాగంలో ఆ విభాగం ఏ ప్రశ్నల దగ్గర ఎక్కువగా బాధ చెప్పిందో పక్కన పెట్టి చూడాలి. అయితే ఒకటి మరొకదానికి కారణమని అప్పుడే అనేయకూడదు. రాత్రి షిఫ్టువారికి నిద్ర తక్కువ, వారిలో వలస వచ్చినవారూ ఎక్కువ అయితే, బాధ షిఫ్టుదా, ఊరికి దూరంగా ఉండటానిదా అన్నది మళ్లీ కూర్చుని మాట్లాడితేనే తేలుతుంది.

చిన్న విభాగాల్లో శాతాలు మోసం చేస్తాయి. ముప్పై మందిలో ఒక్కరు జవాబు మార్చుకుంటే మూడు శాతానికి పైగా మారుతుంది. ఇద్దరికి ఆ ఉదయం జ్వరం ఉంటే ఏడు శాతం దాకా పోతుంది. అలాంటి కదలికను చూసి సూపర్‌వైజర్‌ను మెచ్చుకోవడం గానీ మందలించడం గానీ చేయకూడదు. సర్వే మార్కులను సూపర్‌వైజర్ ఇంక్రిమెంటుకు ముడిపెడితే, వచ్చే ఏడాది మార్కులు తప్పక పెరుగుతాయి, ఎలా పెరిగాయో ఎవరూ చెప్పరు.

జవాబివ్వనివారిని కూడా లెక్కలో చూడాలి. ఒక విభాగం నుంచి సగం కాగితాలు ఖాళీగా వస్తే అది నిర్లక్ష్యమని కొట్టిపారేయకండి. భయం ఎక్కువగా ఉన్న చోట ఖాళీ కాగితాలే ఎక్కువగా వస్తాయి.

పదో అడుగు: చెప్పడం, చేయడం

మూడు వారాల్లోపు ఫలితాలను పనివారికి నోటితో, తెలుగులో, షిఫ్టు మొదట్లో చెప్పాలి. మేనేజరుకు నలభై పేజీల నివేదిక, పనివారికి మౌనం అనే పద్ధతి చాలా సంస్థల్లో ఉంది. చెప్పేటప్పుడు మూడు సంగతులు ఉండాలి: మీరు ఏమన్నారు, మేము ఏది ఎప్పటిలోగా చేస్తాము, ఏది చేయలేము, ఎందుకు చేయలేము. మూడోది దాచిపెట్టకండి. "రాత్రి షిఫ్టు తీసేయలేము, సరుకు సాయంత్రమే వస్తుంది, కానీ వరుసగా ఆరు రాత్రులకు మించి ఎవరికీ వేయము" అని చెప్పిన యాజమాన్యాన్ని పనివారు నమ్ముతారు.

మొదటి మార్పు నెలలోపు కంటికి కనిపించాలి, అది చిన్నదైనా సరే: హాలు బయట తాగునీటి డ్రమ్ము, ఓటీ సంగతి మధ్యాహ్నం రెండింటికల్లా బోర్డు మీద రాయడం, ఆఖరి బస్సు పావుగంట ఆగడం. పెద్ద మార్పులకు బాధ్యుడి పేరు, తేదీ రాసి అంటించాలి. సూపర్‌వైజర్లతో విడిగా కూర్చోవడం మరవకండి; పై నుంచి టన్నుల లెక్క, కింది నుంచి కూలీల కోపం మధ్య నలిగేది వారే. సర్వే తమ మీద చాడీ అని వారు అనుకుంటే మర్నాటి నుంచే "నువ్వే కదా రాసింది?" అన్న ఆరాలు మొదలవుతాయి. అలా ఆరా తీయడం క్రమశిక్షణ చర్యకు దారితీస్తుందని సర్వేకు ముందే వారికి రాతపూర్వకంగా చెప్పాలి.

పదకొండో అడుగు: మళ్లీ ఎప్పుడు

పూర్తి సర్వే ఏడాదికి ఒకసారి చాలు. మధ్యలో ఆరు నెలలకు డబ్ల్యూహెచ్‌ఓ-5 తో పాటు, మార్పు చేసిన విషయం మీద రెండు మూడు ప్రశ్నలు అడగవచ్చు. ప్రతి నెలా అడిగితే మొక్కుబడి జవాబులే వస్తాయి. రెండోసారి చేసేటప్పుడు ప్రశ్నల మాటలు మార్చకూడదు. కొత్తది చేర్చాలంటే చివరన చేర్చాలి. ఒలిచే విభాగం వంటి చోట ఏడాది తిరిగేసరికి మనుషులు చాలా వరకు మారిపోతారు కాబట్టి, మార్కులు పెరిగితే పాతవారు కుదుటపడ్డారా, బాధపడినవారు మానేసి వెళ్లారా అన్నది హాజరు పట్టీతో సరిచూసుకోవాలి. ప్రశ్నావళి నకలు, మొత్తం లెక్కలు, చేసిన మార్పుల తేదీలు ఒకే ఫైల్లో ఉంచాలి. నింపిన కాగితాలను మాత్రం మొదటి పేజీలో చెప్పిన తేదీనాడే, పనివారి తరఫు ఇద్దరి ఎదుట ముక్కలు చేయించి, చేసినట్టు నోటీసు బోర్డులో రాయాలి.